ఐదిండ్ల అంగీ

నిన్న సందుగ తెరిచానో లేదో, కలరా ఉండల వాసనలోంచి నా మొదటి అంగీ చేతికొచ్చింది. జానెడు కూడా లేదు. ఐదు గుడ్డముక్కలు, ఐదూ ఐదు రంగులు. ముక్కుకు ఆనించుకున్నానంటే చాలు, యాభై దాటిన నేను మళ్లీ లంగా ఎగ్గట్టి ఉరికే పోరినైపోతాను.

మాది నేతవాడ. సద్దుల బతుకమ్మ వచ్చిందంటే పొద్దంతా టకటకలాడే మరమగ్గాల సాంచాలు ఆగిపోయి, ఇంటింటా తంగేడు పూల కుప్పలు, వేయించిన నువ్వుల వాసన, బెల్లం కలిపిన మలీద ముద్దలు, ఎటు చూసినా పసుపే. పదో తరగతి యేడు అంత సంబరంలోనూ నాకొకటే గుబులు: నా పేరు భిక్షమ్మ. సెలవులు కాగానే బడిలో ఫారాలు నింపుతారు, అందులో రాసిందే ఇక జన్మంతా. “స్వప్న అని మార్పియ్యి” అని బాపు వెంటపడ్డాను. బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ రోకలి పక్కన పెట్టి ఈ అంగీ తీసింది.

“నీకంటె ముంగట ఇద్దర్ని కని పోగొట్టుకున్న బిడ్డా. నువ్వన్న దక్కాలని ఐదిండ్లు బిచ్చమెత్తి, గుడ్డముక్కలు తెచ్చి కుట్టిన. బిచ్చమెత్తి తెచ్చుకున్న బిడ్డను దేవుడు సుత వాపసు అడుగడట.”

“ఏ ఐదిండ్లు?”

“నువ్వే పోయి అడుగరాదు.”

ఇక ఆగుతానా! అంగీ పట్టుకుని ఒకటే ఉరుకుడు. నాలుగిళ్లలో బతుకమ్మ పేరుస్తున్నవాళ్లు పూలు వదిలేసి “గీ ఎర్రది నాదే”, “గిది నా లగ్గం చీర కొంగు” అంటూ నా నోట్లో సత్తుపిండి కుక్కారు. నీలం ముక్క ఒక్కటే ఎవరిదీ కాదు. మిగిలింది పక్కింటి నర్సవ్వ. పిల్లల్లేని మనిషి, నల్లా కాడ లొల్లయి అవ్వతో ఏళ్లుగా మాటల్లేవు. భయపడుతూనే చూపించాను. ఆ ముక్కను వేలితో తడిమింది.

“నా కడుపున పుట్టేదానికని దాసుకున్న గుడ్డ. నాకు పుట్టలే. నువ్వు బతికినవ్ గద భిక్షమ్మా, గంతే సాలు.”

ఇంటికొచ్చి చెబితే అవ్వ లేచింది. మలీద ముద్దలు గిన్నెలో పెట్టి, నర్సవ్వకు తానే తీసుకెళ్లింది. సెలవులయ్యాక సారు “పేరు మారుస్తున్నవట?” అంటే, “మార్వ సార్, భిక్షమ్మనే రాయుండ్రి” అని తరగతంతా వినబడేలా చెప్పాను.

ఇప్పుడు వాడలో సాంచాలు సగం మూగబోయాయి. అవ్వ లేదు, నర్సవ్వ లేదు, ఆ ఐదిళ్లలో నన్నెరిగినవాళ్లే లేరు. పిల్లలకు నేను అమ్మను, మనవలకు అమ్మమ్మను. అందుకే ఆసుపత్రిలోనో బ్యాంకులోనో ఎవరైనా “భిక్షమ్మ” అని పిలిస్తే మొదటిసారికి లేవను. ఇంకోసారి పిలవనీ అని కూర్చుంటాను.