సారయ్య గుండె గీతలు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ మాట అన్నవాడెవడోగానీ సారయ్యను చూసి ఉండడు. అమీర్‌పేట మొత్తంలోకీ మంచి నోరు సారయ్యది. ఊరు మాత్రం అతనితో పదహారేళ్లు నీళ్లు మోయించింది.

పంజగుట్ట దిగువ బావి నుంచి అమీర్‌పేటలోని దొర బంగళాకు రోజుకు ఇరవై కావళ్లు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన ఏడు ఎండాకాలంలో, ఎత్తు ఎక్కేటప్పుడల్లా అతని రొమ్ములో నొప్పి మొదలైంది. కావడి దించి కూర్చుంటే తగ్గేది, ఎత్తుకుంటే మళ్లీ వచ్చేది. బంగళా జమేదారు హనుమాండ్లు దానికి పనిదొంగతనం అని పేరు పెట్టాడు. ఎడమ చెయ్యి పట్టుకుని, చెమటలు కక్కుతూ గుట్ట మీద కూలబడ్డ మనిషిని భార్య వజ్రమ్మ కళ్లారా చూసింది. నటన అనుకోవడానికి ఆమె జమేదారు కాదు కదా.

ఆమె పోయి దొరసాని కాళ్ల మీద పడింది. సోమాజిగూడలో దొర స్నేహితుడైన డాక్టరు ఇంట్లో, గుండె కొట్టుకోవడాన్ని గీతలుగా గీసే మిషను వచ్చిందట. అక్కడ రోగం తేలితే సారయ్యను గేటు కావలికి మారుస్తారు. తేలకపోతే కావడే. దొరసాని తీర్పు అది.

దొరసాని ఇచ్చిన రెండు రోజుల సెలవులో వజ్రమ్మ మొగుడికి మేకకాళ్ల పులుసు పోసింది, తలంటింది, ఉతికిన ధోవతి కట్టించి తీసుకుపోయింది. పెద్దవాళ్ల ముందుకు పీనుగులా పోకూడదని ఆమె పట్టింపు.

డాక్టరు సారయ్యను బల్ల మీద పడుకోబెట్టాడు. ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు రెండు మణికట్లకూ ఎడమ కాలికీ చుట్టి, వాటి మీద రేకులు పెట్టి పట్టీలు బిగించాడు. రేకుల నుంచి మిషనుకు పోయే తీగలు చూడగానే సారయ్య లేచి కూర్చోబోయాడు.

“భయపడకు. గీ తీగలకెల్లి నీకు కరెంటు రాదు. నీ గుండెలనే ఇంత కరెంటు ఉంటది, దాన్ని మిషిని రాసుకుంటది, అంతే. నొప్పి ఉండదు. ఊపిరి మామూలుగ తియ్యి. కదలకు, మాట్లాడకు. వణికితే గీతలు చెడిపోతయి.”

సారయ్య కట్టెలా బిగిసిపోయాడు. చెప్పింది చెయ్యడం అతనికి ఒకరు నేర్పాలా? మిషను కాసేపు గుర్రుమంది. డాక్టరు పట్టీలు విప్పి, గీతలు పడిన ఫిల్ము కడిగి ఆరబెట్టాలని, ఎల్లుండి కాగితం పంపుతానని అన్నాడు. ఆఖరుకు అడిగాడు:

“నొప్పేమన్న వస్తదా? పండుకున్నప్పుడు గీతలు మంచిగనే రావచ్చు. అందుకే నువ్వు చెప్పాలె.”

సారయ్య లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. “మీ దయ దొరా, మంచిగనే ఉన్న.”

పెద్దమనిషి ఎలా ఉన్నావని అడిగితే ఇంకో జవాబు అతని వంశంలో ఎవరూ ఇవ్వలేదు. బండి కింద పడి కాలు విరిగిననాడు వాళ్ల తాత కూడా దొరకు ఇదే చెప్పాడట. గుమ్మం దగ్గరున్న వజ్రమ్మకు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మొగుడు మాట్లాడుతుండగా ఆడది నోరు తెరిస్తే డాక్టరు ఏమనుకుంటాడోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు “మంచిది” అని రాసుకున్నాడు.

దారిలో ఆమె మండిపడింది. “నొప్పి లేదంటివేంది? నీకేమన్న సోయున్నదా?”

“అంత పెద్దాయన అంత మర్యాదగ అడిగిండు. ఆయన మొఖం మీద ఉన్నదని ఎట్లంటనే? మిషిని చూసింది గద, అదే చెప్తది తియ్యి.”

మిషను ఏమీ చెప్పలేదు. గీతలు సక్రమంగా ఉన్నాయి, రోగికి ఏ బాధా లేదు అని కాగితం వచ్చింది. హనుమాండ్లు దాన్ని వరండాలో నలుగురికీ చదివి వినిపించి నవ్వాడు. సారయ్య కావడి ఎత్తుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున గుట్ట ఎక్కుతూ కావడితో సహా పడిపోయాడు. వజ్రమ్మ పరుగెత్తుకొచ్చేసరికి ప్రాణం పోయింది. డబ్బాల్లోని నీళ్లు ఇంకా పల్లానికి పారుతున్నాయి.

శవం పక్కనే నిలబడి ఆమె జమేదారును నోటికొచ్చినట్టు తిట్టింది. “నొప్పున్నదని నెత్తీ నోరు కొట్టుకుంటి! ఒక్కడన్న నమ్మిండా? చంపితిరి గదరా!”

హనుమాండ్లు ఈసారి నవ్వలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు: “డాక్టరు అడిగినప్పుడు నువ్వు సుత ఆడనే ఉంటివట గద వజ్రమ్మా. మరి నువ్వెందుకు చెప్పకపోతివి?”

వజ్రమ్మ తిట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆమె ముప్పై ఏళ్లు బతికింది. జమేదారును మళ్లీ ఒక్క మాట కూడా అనలేదు.