కాదని చెప్పడానికి వచ్చిన మనిషి

బ్యాంకు పెద్దసారు పోయారన్న కబురు మా నిర్మల్‌కు కరీంనగర్ బస్సులో వచ్చింది. కండక్టరు టికెట్లు చింపుతూనే చెప్పాడు. మా బొమ్మల సంఘంలో ఆ పూట పని ఆపలేదు. ఆపితే ఆయనకే నచ్చేది కాదు.

కాగితాలన్నీ ఉర్దూలో నడిచే కాలంలో ఆయన హుజూరాబాద్ శాఖలో గుమాస్తాగా చేరారు. రాష్ట్రం మారింది, కాగితాల భాష మారింది. ఆయన మెట్టు మెట్టుగా ఎక్కి, రెండు జిల్లాల్లో అప్పులిచ్చే ఆ బ్యాంకుకే పెద్ద అయ్యారు. జీపు ఉన్నా బస్సులోనే తిరిగేవారు. కిటికీ పక్క సీటు కోసం మాత్రం పట్టుబట్టేవారట.

నేను సంఘం కార్యదర్శిని. ఒక ఏడు హైదరాబాద్ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. పదహారు ఇళ్లకు ఏడాది తిండి. పెట్టుబడికి అప్పు అడిగాం. బ్యాంకు ఇన్‌స్పెక్టరు చూడటానికి వచ్చే రోజు కొట్టు నిండుగా కనబడాలని, బొమ్మలు చెక్కే పొనికి కట్టె అప్పుడే కొట్టింది తెచ్చి కప్పు దాకా పేర్చాం. ఆ తెలివి నాదే. వారం తిరక్కుండా పెద్దసారే బస్సు దిగారు. ఇంకేం, అప్పు ఖాయమని దండ తెప్పించాం.

ఆయన దండ పక్కన పెట్టి, ఒక దుంగ చేత్తో ఎత్తి చూశారు. ఎండిన పొనికి చేతిలో ఉన్నట్టే తెలియదు. ఇది బరువుగా ఉంది.

"గీ కట్టె పచ్చిది. బొమ్మ పగులుతది, మీ పేరు పోతది. అప్పు ఇయ్యలేను," అన్నారు అందరి ముందూ.

రంగులేసే తాత ఊరుకోలేదు. "గా ముక్క కార్డు మీద రాస్తే అయిపోతుండె గద సారూ! గింత దూరం ఎందుకొచ్చిన్రు?"

"ఇస్తనని చెప్పనీకి కార్డు సాలు తాతా. ఇయ్యనని చెప్పనీకి మనిషి రావాలె. తిట్టాలనిపిస్తే ఎదురుంగ ఉండాలె గద."

తాత నిజంగానే తిట్టాడు. సారు చాయ్ తాగుతూ అంతా విన్నారు.

ఆర్డరు చేజారింది. ఆ ఏడంతా ఆయన పేరెత్తితే నాకు ఒళ్లు మండేది. పంతం కొద్దీ ఆ కట్టెతోనే కొన్ని చిలకలు చేయించాను. చలికాలానికి వాటి మెడలు చీలాయి. పొయ్యిలో పెట్టి, ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడు ఎండిన కట్టె చూపి అడిగితే అప్పు వచ్చింది, మూడు వరుసల కార్డుతో. ఆ తరువాత ఆయన మా ఊరు రాలేదు. మీరన్నదే నిజమని ఆయనకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకుని, ఊరుకున్నాను. అదొక్కటే నాకు బాధ.

మర్నాడు కరీంనగర్ వెళ్లాను. సారు ఇంటి అరుగంతా జనం. పక్కన రుమాలు చుట్టుకున్న రైతును అడిగాను, సారు ఏమిచ్చారని.

"ఏమియ్యలే. బాయికి అడిగితే, ఆడ నీళ్లు పడయని మా ఇంట్ల కూసొని చెప్పిండు."

"మాకు గూడ ఇయ్యలే," అన్నాడు అవతలి మనిషి. ఆ పక్కాయన తలూపాడు.

"మాకూ ఒక ఏడు ఇయ్యలే," అన్నాను నేను. వాళ్లు జరిగి నాకు చోటిచ్చారు. ఎండ అరుగు దాటి గోడెక్కింది. ఒక్కరూ లేవలేదు.