‘దయ’ను కొట్టేసిన పెన్ను

మా యూనియన్ సెక్రటరీ అన్న ఇక లేరన్న కబురు నాకు పుంగనూరు బస్టాండులో తెలిసింది. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో టిక్కెట్లు కొడుతున్నాను. డ్రైవర్ ఫోన్ పెట్టేసి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, “అన్న పొయినాడంటమ్మా. తెల్లారుజామున గుండెనొప్పి వచ్చిందంట” అన్నాడు. వెనక ఎవరో చిల్లర అడుగుతున్నారు. ఎంత ఇచ్చానో ఇప్పటికీ గుర్తు లేదు.

యూనియన్ నాయకుడంటే జెండా, మైకు, పెద్ద గొంతు అనుకుంటారు బయటివాళ్లు. మా అన్న గొంతు మూడో వరసకు కూడా వినబడేది కాదు. ఆయనా కండక్టరే. డ్యూటీ దిగాక డిపో ఎదుట టీ అంగట్లో బెంచీ మీద కూర్చుని మా అర్జీలు చదివేవారు. రిటైరయ్యాక కూడా ఆ బెంచీ వదల్లేదు.

నా మొదటి అర్జీ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు రాశాను. కుప్పం అవతల అప్పట్లో మా బస్సు ఆగే చివరి స్టేజీలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. మగవాళ్లు ఏ గోడ చాటుకో పోయి వస్తారు. మేం మాత్రం మదనపల్లెలో బయలుదేరింది మొదలు గొంతు తడుపుకోవడమే మానేశాం. ఎండాకాలంలో కళ్లు తిరిగేవి. మాలో ఒకామె మూత్రంలో మంటతో నెల రోజులు మంచాన పడింది. అక్కడ మాకొక గది కావాలని రాసి, చివర ‘మాయందు దయయుంచి’ అని చేర్చాను. అర్జీ అంటే అలాగే రాయాలని బడిలో నేర్పారు మరి.

అన్న చదివి, చెవి మీది పెన్ను తీసి ఆ మాట కొట్టేశారు.

“దయ యాలమ్మా? దయతో ఇచ్చింది రేపు కోపమొస్తే పీక్కుంటారు. నీకు రావాల్సింది నువ్వు అడగతాండావు. ‘కోరుతున్నాము’ అని రాయి, సాలు.”

ఈయన నా ఉద్యోగానికి ఎసరు పెడతాడేమోనని భయపడ్డాను. అది చాలదన్నట్టు, అధికారి గదికి మమ్మల్ని నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుపోయి తాను తలుపు దగ్గరే నిలబడిపోయారు. “కష్టం నీది, నోరు నాదైతే యెట్లమ్మా?” అన్నారు.

అధికారి తలెత్తకుండానే నిధులు లేవన్నారు. “సార్, పొద్దున ఇంట్లో తాగిన నీళ్లే. మళ్లా సాయంత్రం ఇల్లు చేరినాకే తాగేది” అన్నాను. బల్ల మీది నీళ్ల గ్లాసు అందుకోబోయిన ఆయన చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

అయినా ఏడాదికి పైగా తిప్పారు. అన్న తన వారం సెలవులన్నీ ఆఫీసుల చుట్టూ తిరగడానికే పెట్టారు. చివరికి గది వచ్చింది. అన్న చూడటానికి వచ్చి, లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. “గడియ సరిగ్గా పడతాందా సూసుకోమ్మా” అన్నారు బయటి నుంచే. ఆ రోజు నేను దారిపొడుగునా నీళ్లు తాగాను.

ఆ పెన్నుతో ఇంట్లోవాళ్లకూ తిప్పలే. కూతురి పెళ్లి కార్డు అచ్చుకు ముందు చూడమంటే, అలవాటుకొద్దీ ‘దయచేసి విచ్చేసి’ కొట్టేసి ‘రావాలని కోరుతున్నాము’ అని రాసిచ్చేశారట. కార్డులు అలాగే అచ్చయ్యాయి. “బిడ్డ పెండ్లికి పిలస్తాండావా, ధర్నాకు పిలస్తాండావా?” అని వదిన తలబాదుకుంది. పెళ్లికి మా డిపో సగం ఖాళీ అయింది.

కబురు తెలిసిన రోజు ట్రిప్పు ముగించి, మర్నాటి అంత్యక్రియలకు సెలవు చీటీ రాశాను. కళ్లు మసకలు కమ్ముతున్నాయి. ఎన్నేళ్లయినా బడి అలవాటు పోలేదు, ‘దయతో’ అని పడిపోయింది. చూసుకుని గట్టిగా గీత గీసి, ‘ఒక రోజు సెలవు కోరుతున్నాను’ అని రాసి మేనేజరు ముందు పెట్టాను. అన్న కొట్టివేతలున్న అర్జీలు ఆ బల్ల మీద ఆయన ఎన్నో చూశారు. ఈ గీత దగ్గర ఆయన చూపు చాలాసేపు ఆగింది.

“ఇంగో కాయితం మీద రాసిమ్మంటారా సార్?” అన్నాను.

“వద్దులేమ్మా. ఇట్లే ఉండనీ” అని, ఆ గీత పక్కనే సంతకం పెట్టారు.