శ్రావణ శనివారం, పిల్లి ఒక్కపొద్దు

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే మొదట కనబడేది పెరుగు కాదు, ఇన్సులిన్ సీసా. దాని పక్కన కిడ్నీ మందు, దాని వెనక ఆకలి పుట్టించే మందు, ఆ వెనక వాంతులు ఆపే మందు. వీటన్నిటినీ జరిపి చూస్తే ఒక మూల పెరుగు గిన్నె బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. వంటింట్లో క్యాలెండరు ఉండాల్సిన మేకుకు సెలైన్ సంచి వేలాడుతుంది. మా చింతామణి ఊరు మొత్తంలో ఇంత పెద్ద ఆసుపత్రి ఇంకోటి లేదని నేను అందరికీ చెబుతుంటాను. ఎవరూ నమ్మలేదు కానీ, మా వీధిలో ఒకాయన మాత్రం ఒకసారి బీపీ చూపించుకోవడానికి వచ్చాడు.

ఈ మందుల్లో ఒక్కటీ నాది కాదు, మా ఆవిడది కాదు. అన్నీ ఒక పిల్లివి.

నాకు టమాటా మార్కెట్టు దగ్గర విత్తనాల అంగడి ఉంది. పదేళ్ళ కిందట అక్కడ ఎలుకలు పట్టడానికని ఆ పిల్లిని తెచ్చాను. ఈ పదేళ్ళలో అది పట్టింది ఒకే ఒక ఎలుక, అదీ అప్పటికే చచ్చిపోయిన ఎలుక. ఉద్యోగం అంతటితో చాలించుకుని, పింఛను తీసుకోవడానికి మా ఇంటికి వచ్చేసింది. బరువు ఆరు కిలోలు. నేను బయట తొమ్మిదని చెబుతాను. మా ఆవిడ పక్కన లేకపోతే పన్నెండు.

రెండేళ్ళ కిందట అది నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. గిన్నెడు తాగుతుంది, బక్కెట్టులో తల పెడుతుంది, చెంబు ఎక్కడ కనబడితే అక్కడ మూతి పెడుతుంది. మా తాలూకాలో వెయ్యి అడుగులు బోరు వేసినా నీళ్ళు పడకపోవడానికి కారణం ఈ పిల్లేనని నేను అంగట్లో ప్రకటించాను. ఇద్దరు రైతులు ఆలోచనలో పడ్డారు. తర్వాత దాని నడక మారింది. వెనక కాళ్ళు మడమలదాకా నేలకు ఆనించి, పంచాయితీ చెప్పడానికి పోతున్న పెద్దరైతులా బరువుగా నడవసాగింది. నాకు నవ్వొచ్చింది. మా అత్తకు రాలేదు.

"నవ్వుతాండావే, దానికి కాళ్ళల్లో బలం లేదప్పా! డాక్టరు యాడున్నాడో సూడు, పా!" అంది.

మా అత్తది బాగేపల్లి దగ్గర పరగోడు. మోకాలి ఆపరేషనుకని మా ఇంటికి వచ్చింది. మోకాలు బాగైంది, నిమ్మళంగా మెట్లు కూడా ఎక్కుతుంది, కానీ పరగోడుకు మాత్రం పోలేదు. అడిగితే కూతురి కోసం ఉన్నానంటుంది. కూతురితో రోజుకు నాలుగు మాటలు, పిల్లితో నాలుగు గంటలు. ఆ పిల్లికి మేము పేరంటూ పెట్టలేదు. అత్త మాత్రం దాన్ని, ఎదురింటి కోడలిని పిలిచినట్టు, "ఏమ్మే" అని పిలుస్తుంది. అదీ పలుకుతుంది. నేను పిలిస్తే చెవి కూడా తిప్పదు.

మా ఊరి పశువుల ఆసుపత్రిలో ఆవులకూ గొర్రెలకూ కొదవలేదు. అక్కడి డాక్టరు పిల్లిని అటు తిప్పి ఇటు తిప్పి, చిక్కబళ్ళాపురంలో కుక్కలకూ పిల్లులకూ మాత్రమే చూసే డాక్టరమ్మ ఉంది, అక్కడికి పొమ్మన్నాడు. టమాటా క్రేటులో పిల్లిని పెట్టి, ఇంకో క్రేటు దానిమీద బోర్లించి, నాలుగు పక్కలా తాడు కట్టి నేనూ అత్తా బస్సెక్కాము. మా కర్ణాటకలో ఆడవాళ్ళకు ప్రభుత్వ బస్సుల్లో టికెట్టుకు డబ్బులివ్వక్కర్లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరు క్రేటులోకి తొంగిచూసి, "దీనికి టికెట్టు?" అన్నాడు.

"ఆడబిడ్డే కదప్పా," అంది అత్త.

"హౌదా? ఆధార్ చూపించమ్మా మరి."

"దాని మొగం సూడు. ఆ మీసాలు ఇంకెవురికన్నా ఉండాయా? ఇంక ఆధారెందుకు?"

బస్సంతా నవ్వింది. కండక్టరు సిడ్లఘట్ట దాటేదాకా దానితో కన్నడంలో కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రక్తం తీసి, కడుపు నొక్కి, నోరు తెరిచి చూసి, ఒక్కొక్కటే చెప్పింది. షుగరు ఉంది. ఆ షుగరు వల్లే కాళ్ళల్లో నరాలు నీరసించాయి. కిడ్నీలు సగం పని మానేశాయి. పళ్ళు పాడైపోయాయి, నాలుగు తప్ప అన్నీ తీసేయాలి. నేను ఇంటికొచ్చి ఈ జాబితాకు గుండె, ఊపిరితిత్తులు, కొంచెం మతిమరుపు కూడా చేర్చి మార్కెట్టులో చెప్పాను. అప్పటినుంచి విత్తనాలకు వచ్చినవాళ్ళు ముందు పిల్లి ఎట్లా ఉందని అడిగి, ఆ తర్వాతే బీన్సు విత్తనాల ధర అడుగుతారు.

చికిత్స మాత్రం హాస్యం కాదు. పొద్దున ఏడుకు ఒక సూది, సాయంత్రం ఏడుకు ఒక సూది. రోజు విడిచి రోజు మెడ వెనక చర్మం కింద సెలైన్. తిండి ఉడకబెట్టిన కోడిమాంసం, ఉప్పూ కారం లేకుండా, కొలిచినట్టు కొంచెం. అన్నిటికంటే ముఖ్యమైన మాట డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ముందు తిండి, తర్వాత సూది. తినకుండా సూది పడితే షుగరు పడిపోతుంది, ప్రాణానికే ముప్పు.

అత్తకు ఈ కోడిమాంసం వైద్యం మొదట నచ్చలేదు. "షుగరుకు రాగిసంగటి కదప్పా పెట్టేది? మా ఊర్లో షుగరొచ్చినోళ్ళంతా సంగటే తింటాండారు," అని నిమ్మకాయంత ముద్ద చేసి దాని ముందు పెట్టింది. పిల్లి ఆ ముద్దను ఎంతసేపు చూసిందంటే, దాని షుగరు చూపుతోనే తగ్గిపోతుందేమో అనిపించింది. చివరకు ముంగాలితో ఒక్క తోపు తోసింది. సంగటి దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. వైద్యంపై చర్చ అంతటితో ముగిసింది.

పనులు పంచుకున్నాము. తిండి మా ఆవిడది, సూది నాది, సూది పడేటప్పుడు చెవిలో కబుర్లు చెప్పడం అత్తది. ఏడు గంటలకు నేను వచ్చి గిన్నె చూస్తాను. ఖాళీగా ఉంటే తిన్నట్టు. వెంటనే సూది. ఏడాదిన్నర ఇట్లాగే, గడియారం చూసి కాదు, ఖాళీ గిన్నె చూసే నడిపాము. దాని ఒళ్ళు నునుపు తేలింది, మడమలు నేలనుంచి లేచాయి.

అప్పుడు శ్రావణం వచ్చింది.

శ్రావణ మాసంలో మా అత్త ఉన్న ఇంట్లో గుడ్డు మాట కూడా ఎత్తకూడదు. మిగతా పదకొండు నెలలూ మేము కోళ్ళకు శత్రువులమే. ఆ ఒక్క నెల మాత్రం కోడి మా వాకిట్లో నిలబడి మీసం మెలేసినా ఏమీ అనము. పిల్లికి మాత్రం మా ఆవిడ మినహాయింపు సంపాదించింది. పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన వేరే పొయ్యి, వేరే గిన్నె. అత్త ఆ వైపు చూడకుండా తల తిప్పుకుని పోవాలి. అట్లాగే పోయేది. కాకపోతే తల తిప్పుకునే, "ఉడికిందా? మెత్తగా ఉడికిచ్చు, పండ్లు లేవు దానికి," అనేది.

మూడో శనివారం మా ఆవిడ బాగేపల్లిలో బంధువుల గృహప్రవేశానికి మొదటి బస్సుకే పోవాల్సి వచ్చింది. ముందురోజే మాంసం ఉడికించి, డబ్బాలో పెట్టి, గడపలో నిలబడి మా ఇద్దరికీ చెప్పింది.

"అమా, ఆరున్నరకు దానికి పెట్టు. ముట్టుకోలేనంటే గరిటెతో వెయ్యి. నువ్వు ఏడుకు సూది. అంతే పని. ఇద్దరుండారు, ఒక పిల్లి. చేస్తారా?"

"చేస్తాం పోవే," అంది అత్త. నేను సూది పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తి చూపించాను.

ఏడుకు నేను లేచి పెరట్లోకి వచ్చాను. పిల్లి గిన్నె తళతళలాడుతోంది. అది ఎప్పుడూ గిన్నె నాకి నాకి అద్దంలా చేస్తుంది కాబట్టి నాకు ఏ అనుమానమూ రాలేదు. సూది వేశాను. అత్త తడిచీరలో, మడికట్టుకుని, దేవుడి గదిలో ఉంది. నన్ను చూసి, "దూరం పో, తగలొద్దు!" అని మాత్రం అరిచింది. దూరం పోయి కాఫీ తాగాను.

ఎనిమిదిన్నరకు పిల్లి నా ముందునుంచి నడుస్తూ నడుస్తూ పక్కకు ఒరిగింది. లేవబోయింది. మళ్ళీ ఒరిగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నన్ను చూడడం లేదు. ముంగాలు టకటకా కొట్టుకుంటోంది.

ఇక్కడ నేనేమీ పెంచి చెప్పడం లేదు.

"అత్తా! పొద్దున బాగా తినిందా ఇది?"

"యాడ తినింది? శనివారం కదప్పా. ఒక్కపొద్దు పెట్టినా. రోగం తొందరగా పోతాదని దేవునికి మొక్కుకోని, గిన్నె కడిగి పెట్టినా. మద్యాన్నం పూజైనాక పెడదామని..."

అని, నేను ఎత్తుకున్న పిల్లి నా చేతిలో వేలాడుతున్న తీరు చూసి ఆగిపోయింది.

డాక్టరమ్మకు ఫోను చేశాను. ఒక్క ముక్క విని ఆమె, "తేనె కానీ చక్కెర నీళ్ళు కానీ వేలితో చిగుళ్ళకు పూయండి. నోట్లో పోయకండి, పొలమారుతుంది. తెలివి వచ్చాక తిండి పెట్టి తీసుకురండి," అంది.

చక్కెర! ఇరవై మూడేళ్ళ సంసారంలో మా వంటింట్లో చక్కెర డబ్బా ఎక్కడుంటుందో తెలుసుకునే అవసరం నాకు ఒక్కరోజూ రాలేదు. మొదటి డబ్బాలో కందిపప్పు, రెండో దాంట్లో ఉప్పు, మూడో దాంట్లో మా ఆవిడ రబ్బరు బ్యాండ్లు. నాలుగోది తెరుస్తుండగా వెనకనుంచి అత్త నన్ను తోసుకుని వచ్చింది. చేతిలో తేనె సీసా. పంచామృతానికి విడిగా పెట్టుకున్నది, మూత కూడా తీయనిది, ఇంకా స్వామికి చూపించనిది. మడిచీరతోనే నేలమీద కూర్చుని పిల్లిని ఒళ్ళోకి లాక్కుంది.

నాకు బుద్ధి ఎక్కడికి పోయిందో గానీ, "అత్తా, నైవేద్యం ఇంకా పెట్టలేదే..." అన్నాను.

"దేవునికి షుగరు పడిపోలే! నోరు పట్టుకో నువ్వు!"

పట్టుకున్నాను. ఆమె వేలితో తేనె తీసి చిగుళ్ళకు రాసింది. మళ్ళీ తీసి, మళ్ళీ రాసింది. తడిచీర నుంచి కారే నీళ్ళు, తేనె, పిల్లి వెంట్రుకలు అన్నీ కలిసిపోయాయి. "ఏమ్మే, సూడు నన్ను. తప్పు నాదే, నీది కాదు. ఏమ్మే..." అంటూనే ఉంది. మామ పోయినప్పుడు కూడా ఆమె అట్లా బతిమాలుకోవడం నేను వినలేదు. ఎంతసేపో తెలియదు. గడియారం చూసే ధైర్యం నాకు లేదు.

ముందు మీసాలు కదిలాయి. తర్వాత నాలుక బయటికి వచ్చి పెదవి నాకింది. ఆ తర్వాత, మిగిలిన నాలుగు పళ్ళతో, అత్త వేలు పట్టి కొరికింది.

"కరిసిందప్పా!" అని అత్త కేక వేసింది. లాటరీ తగిలినవాళ్ళు కూడా అట్లా అరవరు. "కరిసింది! ఇంగో తూరి కరువే తల్లీ, కరువు!"

తర్వాత అత్త లేచి ఫ్రిజ్ తీసి, ఆ డబ్బా తెచ్చి, గరిటె గిరిటె ఏమీ లేకుండా, శ్రావణ శనివారం పూట, వేళ్ళతో మాంసం చిదిపి పిల్లి నోటికి అందించింది. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. ఈసారి తల తిప్పుకోవడం నా వంతు కదా.

అద్దె కారులో చిక్కబళ్ళాపురం పోయాము. డాక్టరమ్మ పిల్లి చెవినుంచి చుక్క రక్తం తీసి షుగరు చూసి, గండం గడిచిందంది, కానీ సాయంత్రందాకా ఉంచుకుంది. ఆ తర్వాత మా వైపు తిరిగి, ఎవరు చేశారీ పని అని అడిగింది.

"నేనే తల్లీ, ఉపాసం పెట్టింది," అంది అత్త.

"కాదు మేడం, సూది నాది," అన్నాను నేను.

"గిన్నె కడిగింది నేను."

"కడిగిన గిన్నెను నమ్మింది నేను."

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ, "ఇద్దరూ ఒప్పుకున్నారు, సంతోషం. ఇకమీదట గిన్నె సాక్ష్యం చెల్లదు. అది తింటుంటే ఎవరైనా కళ్ళతో చూడాలి," అంది.

సాయంత్రం మేము ఇల్లు చేరేసరికి మా ఆవిడ గృహప్రవేశం లడ్లతో వచ్చి ఉంది. పూజ కాని దేవుడి గది, నేలంతా తేనె, తెరిచిన కందిపప్పు డబ్బా చూసి, "ఇద్దరుండారు, ఒక పిల్లి..." అని మొదలుపెట్టింది. మిగతాది రాయను. అది ముగిసే సరికి పిల్లి నిద్రపోయింది, నాకూ ఆ అదృష్టం ఉంటే బాగుండేది.

తరువాతి శనివారం, నాలుగోది, ఆరున్నరకు నాకు మెలకువ వచ్చింది. పెరట్లో అత్త ఇంకా స్నానం కూడా చేయలేదు. దేవుడి గది తలుపు వేసే ఉంది. పిల్లి ముందు పీట వేసుకుని కూర్చుని, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, అది నమిలే ప్రతి ముద్దనూ చూస్తోంది. అదేమో ఇంట్లో పెద్ద పండుగ తన పేరు మీదే జరుగుతున్నట్టు, మధ్యలో ఆగి, మూతి తుడుచుకుని, మళ్ళీ మొదలుపెడుతోంది. నేను సూది పట్టుకుని గడపలో నిలబడ్డాను. ఏడు దాటింది. గిన్నె ఖాళీ అయింది. అయినా నేను కదలలేదు.

అత్త వంగి, దాని నోట్లోకి కూడా ఒకసారి తొంగిచూసింది.

"తినింది. మింగింది గూడా. నా కండ్లతో చూసినా," అంది. "ఇంక రాప్పా."