నిద్రమొద్దు మల్లవ్వ

నాచారంలో మందుగోళీలు ప్యాక్ చేసే కంపెనీలో మల్లవ్వను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "నిద్రమొద్దు వచ్చిందా?" అనే అడిగేవాళ్లు. బెల్టు మీద డబ్బాలు పోతుంటే నిలబడ్డచోటే ఆమె తల వాలిపోయేది. ఉప్పల్ బస్సెక్కితే దిగాల్సిన స్టాపు దాటిపోయేది. పెళ్లిళ్లకు పోయినా రాత్రి ఉండేది కాదు. నలుగురు ఆడవాళ్ల నడుమ పడుకుంటే తన గురకకు తెల్లారి నవ్వుకుంటారని భయం.

ఆ ఎగతాళిని ఎట్లనో మోసింది. మోయలేనిది అక్క సంగతి.

అక్క వెంకటనర్సమ్మ గుండెజబ్బుతో దవాఖానాలో పడింది. ఆమె బిడ్డ హిమజ కంటిమీద కునుకు లేకుండా కనిపెట్టుకుని ఉంది. ఒక మధ్యాహ్నం, "సిన్నమ్మా, జర ఇంటికి పోయి తానం జేసొస్త. అమ్మను సూస్కో" అని మేడిపల్లి బయల్దేరింది.

"పో బిడ్డా, నేను లేనా?" అంది మల్లవ్వ.

మంచం పక్కన స్టూలేసుకుని అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది. అక్క గురకపెట్టి నిద్రపోతోంది. ఆ చప్పుడు వింటూ వింటూ మల్లవ్వ కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో ఆమెకే తెలియదు. నర్సు భుజం పట్టి కుదిపితే లేచింది. అప్పటికే తన చేతిలోని చెయ్యి చల్లబడింది.

హిమజ వచ్చి తల్లిని చూసింది, తర్వాత మల్లవ్వను చూసింది. "మా అమ్మ పానం పోతుంటె నువ్వు పండుకున్నవా సిన్నమ్మా?" అని మాత్రం అడిగింది. దినాలకు పిలవలేదు. ఆ తర్వాత ఫోనెత్తలేదు.

మల్లవ్వ పెనిమిటి పోశయ్య ఏళ్ల తరబడి ఒక గోదాములో రాత్రి కాపలా. ఆ ఏడే పగటి డ్యూటీకి మారాడు. పక్కన పడుకున్నాక గానీ పెళ్లాం నిద్ర ఎట్లాంటిదో అతనికి తెలియలేదు. "గురక పెడ్తవు, ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతది. సచ్చినవేమో అనుకుంటుంటె ఎగబీల్చి లేస్తవు. నాకు బుగులైతున్నది" అని బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

పరీక్ష చేసి డాక్టరు చెప్పాడు. నిద్రలో గొంతు దారి మూసుకుపోతోంది. ఊపిరి ఆడక మెదడు తట్టి లేపుతోంది. రాత్రంతా ఇదే పని. "ఎన్నో ఏళ్లుగా మీరు సరిగ్గా నిద్రపోయిందే లేదు. ఇది బద్ధకం కాదమ్మా, జబ్బు."

నిద్రలో గాలి ఊది గొంతు దారి తెరిచి ఉంచే మిషన్ రాసిచ్చాడు. దాన్ని తెచ్చి బిగించిన అమ్మాయి పేరు దీప. ముక్కుకు మాస్కు తొడిగి, పట్టీలు సర్దింది. గాలి బుస్సుమని కొట్టేసరికి మల్లవ్వ బెదిరి పీకేసింది.

"ఒకే జోరున కొట్టదమ్మా. మీ ఊపిరిని గమనిస్తూ ఉంటుంది" అంది దీప. "దారి ఇరుకైనా, గురక మొదలైనా గాలి ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచుతుంది. దారి తెరుచుకున్నాక మెల్లగా తగ్గిస్తుంది. ఎంత తగ్గాలో, ఎంత పెరగాలో హద్దులు డాక్టరుగారు పెట్టారు. మాస్కు పక్కనుంచి గాలి కారితే మాత్రం దాని లెక్క తప్పుతుంది."

మొదట్లో నోరెండిపోయేది, ముక్కు మీద వాతలు తేలేవి. పోశయ్య పోరు పడలేక పెట్టుకునేది. పోనుపోను అలవాటైంది. ఒక ఉదయం లేచేసరికి తల దూదిలా తేలికగా ఉంది. గిన్నెలు తోముతూ, చాలా కాలానికి మెలకువగా ఉన్నానని తెలిసి మల్లవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. ఇంత మెలకువ ఆ మధ్యాహ్నం ఉంటే!

మళ్లీ మాస్కు చూడటానికి దీప వచ్చినప్పుడు అడిగింది. "మా అక్క గూడ గిట్లనే గురక పెడ్తుండె. గందుకే పోయిందా బిడ్డా?"

"అది చెప్పలేమమ్మా. ఊపిరి ఆగినప్పుడల్లా గుండె మీద భారం పడే మాట నిజం. ఈ జబ్బు కొన్ని ఇళ్లల్లో చాలామందికి ఉంటుంది."

మల్లవ్వకు హిమజ గుర్తొచ్చింది. సెలవులకు వచ్చి తన పక్కన పడుకున్నప్పుడు, అచ్చం అక్క గురకే.

మేడిపల్లి పోయి తలుపు తట్టింది. హిమజ గడపలోనే నిలబడింది. మల్లవ్వ జబ్బు సంగతి చెప్పబోతే మధ్యలోనే ఆపింది.

"నీ తప్పు తీస్కపోయి జబ్బు మీదికి నూకుతున్నవా?"

"నూకుతలేను బిడ్డా. పండుకున్నది నేనే. నన్ను తిట్టుకో. గని నువ్వు గూడ ఒకసారి సూపిచ్చుకో. నీ గురక..."

"నన్ను గూడ నీ లెక్క జేస్తున్నవా? పో సిన్నమ్మా." తలుపు మూసుకుంది.

వీధి మలుపు దాకా హిమజ భర్త దయాకర్ వెంట వచ్చాడు. "అత్తమ్మా, ఆమెకు గూడ ఊపిరి ఆగుతది. నేను సూసిన. టెస్టు ఏడ జేస్తరు?" అని గొంతు తగ్గించి అడిగాడు.

దయాకర్ పట్టుబడితే హిమజకు పరీక్ష అయింది. అనుకున్నదే తేలింది. హిమజకూ అట్లాంటి మిషనే వచ్చింది. ఈ సంగతులన్నీ దయాకర్ ఫోన్లోనే తెలిశాయి. హిమజ మాత్రం మాట్లాడలేదు.

"మాస్కు ఒత్తుకుంటున్నదని తీసి పారేస్తున్నది అత్తమ్మా. ఎవ్వలు జెప్పినా ఇంటలేదు" అన్నాడొకనాడు.

మల్లవ్వ తన మాస్కు పట్టీని చేతిలోకి తీసుకుంది. "పట్టీలు గట్టిగ గుంజొద్దని చెప్పు. పండుకున్నంక సదురుకోమను, కూసుని కాదు" అంది. "నేను జెప్పిన అని మాత్రం అనకు."