బాపుకు దారి చెప్పిన ఎండాకాలం

నా చిన్నప్పుడు మా గల్లీలో అందరికంటే ముందు నిద్ర లేచేది మా బాపు టెంపో. ఉప్పుగూడలో రైలు పట్టాలకు దగ్గరగా ఉండేది మా ఇల్లు. ఇంకా తెల్లవారకముందే ఆ మూడు చక్రాల బండి కాసేపు దగ్గి, మొండికేసి, చివరికి స్టార్టయ్యేది. బాపు సైదాబాద్ వైపున్న బర్రెల కొట్టాలకు పోయి, పాల క్యాన్లు ఎక్కించుకుని, నయాపూల్ దాటి అవతల ఉన్న హోటళ్లలో దించి వచ్చేవాడు. మొదటి చాయ్ మరిగే వేళకు పాలు రాకపోతే హోటలువాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. అందుకే ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆ బండి మాత్రం ఆగేది కాదు.

నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో, బాపుకు సాయంగా వచ్చే మనిషి పెళ్లి చేసుకుని సొంతూరికి వెళ్లిపోయాడు. సెలవులే కదా అని బాపు నన్ను వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. క్యాన్ల మూతలు తీయడం, ఖాళీ క్యాన్లు లోపలికి జరపడం నా పని. చల్లటి గాలిలో బాపు పక్కన కూర్చుని ఊరంతా తిరగడమంటే నాకు పండగలా ఉండేది. దారిలో బాపు ఒక ఆట కూడా కనిపెట్టాడు. "ముందట ఏమన్న ఉన్నదా బిడ్డా? జర చూసి చెప్పు" అనేవాడు. కుక్క ఉంది, సైకిలుంది, ఎద్దుల బండి ఉంది అని నేను అరిచి చెప్పేదాన్ని. శభాష్ అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

అది ఆట కాదని నాకు నయాపూల్ మీద తెలిసింది. ఇంకా మసక చీకటే. పుచ్చకాయలు నింపిన తోపుడు బండి ఒకటి వంతెన మీద అడ్డంగా దాటుతోంది. నాకది దూరం నుంచే కనిపించింది. అంత పెద్ద బండి బాపుకు కనిపించదా అనుకుని నేను చెప్పలేదు. టెంపో వేగం తగ్గలేదు. దగ్గరికొచ్చాక నేను "బాపూ!" అని కేక పెట్టాను. బాపు బ్రేకు తొక్కాడు. క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుని పాలు నా వీపు మీదికి చిందాయి. మా బండికీ ఆ తోపుడు బండికీ మధ్య ఒక మనిషి నిలబడేంత జాగా కూడా మిగల్లేదు. ఆ బండి ముసలాయన తిట్టలేదు. ఊరికే గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు.

అవతలి ఒడ్డుకు చేరాక బాపు బండి పక్కకు ఆపాడు. స్టీరింగు వదిలి కళ్లు నులుముకున్నాడు. "చీకట్ల నాకు సక్కగ కనబడ్తలేదు బిడ్డా. పొద్దు పొడిస్తే అంతా మంచిగనే ఉంటది. అమ్మకు చెప్పకు, ఫికర్ పెట్టుకుంటది" అన్నాడు. చెప్పనని తలూపాను.

ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టేది కాదు. బండిలో కూర్చుంటే రెప్ప వేయడానికి భయం. కంట్లో నలక పడ్డా నలుపుకునేదాన్ని కాదు. ఇంటికొచ్చాక కంచంలో అన్నం అలాగే వదిలేసేదాన్ని. ఎండ దెబ్బ తగిలిందని అమ్మ మజ్జిగ తాగించేది. వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. జూన్‌లో బడి తెరుస్తారు. అప్పుడు బాపు పక్కన ఎవరు కూర్చుంటారు? ఎవరు చూసి చెప్తారు? ఎంత ఆలోచించినా నా బుర్రకు ఒక్కటే దారి తోచింది. బడి తెరిచేలోగా నేనే బండి నడపడం నేర్చుకోవాలి.

మా పక్కింట్లో ఉండే ఆయన సిటీ బస్సు డ్రైవరు. బంధువు కాకపోయినా ఆయనను పెద్దబాపు అని పిలిచేదాన్ని. ఆదివారం తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని చర్చికి వెళ్లొచ్చి, మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చునేవాడు. ఒక ఆదివారం బాపు నిద్రపోతున్నప్పుడు వెళ్లి, నాకు టెంపో నేర్పమని అడిగాను. నవ్వుతాడనీ, తిడతాడనీ అనుకున్నాను. ఆయన రెండూ చేయలేదు. "ఎప్పటిసంది మొదలు పెడ్దాం?" అన్నాడు. ఇప్పుడే అన్నాను.

"సరే పా."

గల్లీ చివర నిలిపి ఉన్న టెంపోలో నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. కాళ్లు అందకపోతే ఇంట్లోంచి దిండు తెచ్చి నా వీపు వెనక పెట్టాడు. ఇంజను స్టార్టు చేయలేదు. ఇది క్లచ్చు, ఇది బ్రేకు అని చూపించి, తాను పక్కన కూర్చున్నాడు. రోడ్డు మీద పోతున్నట్టే అనుకోమన్నాడు. మేక వచ్చిందన్నాడు, బ్రేకు తొక్కాను. రిక్షా వచ్చిందన్నాడు, తొక్కాను. నాకు ధైర్యమొచ్చింది. అప్పుడాయన, ఆ రోజు జరిగింది తెలియకపోయినా మేము రోజూ పోయే దారే కాబట్టి, మామూలు గొంతుతోనే, "ఇంక తెల్లారలే. నయాపూల్ మీద పోతున్నవ్. గదో, తోపుడు బండి అడ్డమొచ్చింది" అన్నాడు.

నా కాలు కదల్లేదు. కదపాలని తెలుసు, కానీ కదల్లేదు. కదలకుండా ఉన్న బండిలో కూర్చుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చాను.

పెద్దబాపు నా వేళ్లను ఒక్కొక్కటిగా స్టీరింగు నుంచి విడదీశాడు. "ఎవరి కోసం బిడ్డా గింత తొందర?" అన్నాడు. అమ్మకు చెప్పనని మాటిచ్చాను గానీ పెద్దబాపుకు చెప్పనని అనలేదు కదా అని మనసులో ఒక సాకు వెతుక్కుని, అంతా చెప్పేశాను. ఆయన విన్నాడు. "మంచిగ చెప్పినవ్. గీ ఫికర్ ఇగ నాది. నువ్వు పోయి ఆడుకో" అన్నాడు.

నేను ఆడుకోలేదు. నేను చెప్పిన సంగతి బాపుకు తెలిస్తే నా మొహం ఎలా చూస్తాడోనని రాత్రంతా పొర్లాను. పొద్దున బండిలో బాపు నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి పెద్దబాపు మా గడపలో నిలబడి ఉన్నాడు. "తమ్మీ, ఇయ్యాల నాకు కండ్ల పరీక్ష. దవాఖానకు ఒక్కన్నే పోవాలంటే భయమైతున్నది. జర తోడు రా" అని బాపును అడిగాడు. ఇన్నేళ్లుగా బస్సు నడుపుతున్న మనిషికి కళ్ల డాక్టరంటే భయమేమిటని అమ్మ నవ్వింది. బాపు నవ్వలేదు. చొక్కా మార్చుకుని వెంట వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం ఎంత పొడుగ్గా గడిచిందో నాకు ఇప్పటికీ గుర్తే. గడప మీద కూర్చుని గల్లీ మలుపు చూస్తూనే ఉన్నాను. ఇద్దరూ ఎండలో నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చారు. పెద్దబాపు, తన పరీక్ష అయ్యాక, ఎట్లాగూ వచ్చినవు కదా, నువ్వూ చూపించుకో అన్నాడట. డాక్టరు రేచీకటి అని చెప్పాడు. పగలు ఇప్పటికి ఇబ్బంది లేదు. చీకట్లో మాత్రం బండి ముట్టవద్దన్నాడు. ఆ మాట బాపే అమ్మకు చెప్పాడు, నా ముందే. చెప్పి నా తల మీద చెయ్యి పెట్టి, "నీ మీద మస్తు బరువు పెట్టిన బిడ్డా" అన్నాడు. పెద్దబాపు చెప్పాడో, తనే గ్రహించాడో నేను ఎన్నడూ అడగలేదు.

కొన్నాళ్లు పెద్దబాపు తమ్ముడి కొడుకు వచ్చి బండి నడిపాడు. కానీ ఆ కుర్రాడికి వేరే పని దొరికేలా ఉంది. ఒక సాయంత్రం బండి అమ్మేద్దామని బాపు అన్నప్పుడు, రొట్టెలు కాలుస్తున్న అమ్మ తల ఎత్తకుండానే, నేను నేర్చుకుంట అంది. ఆ రోజుల్లో మా దిక్కు ఆడవాళ్లు సైకిలు ఎక్కినా జనం ఆగి చూసేవారు. బాపు మా గడపలో కూర్చున్న పెద్దబాపు వైపు చూశాడు. పెద్దబాపు మాత్రం, ఎప్పటిసంది మొదలు పెడ్దామని అమ్మను కూడా అడిగాడు. ఆషాఢం పోయినంక అంది అమ్మ.

"మంచి దినం కోసం ఆగుతవా, భయానికి ఆగుతవా?"

అమ్మ కొంచెం సిగ్గుపడి, "భయానికే అన్నా" అంది.

"అయితే రేపు పొద్దుగాలనే రా. ఆగితే అది పెరుగుతది గని పోదు."

నాకు రోషమొచ్చింది. నన్ను పంపేసి అమ్మను రమ్మంటాడా? ఆ మాటే అడిగాను. పెద్దబాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ అమ్మ బండి నడపనీకె నేర్చుకుంట అన్నది. నువ్వు మీ బాపును కాపాడనీకె అన్నవ్. రెండు ఒక్కటి కాదు బిడ్డా. గా బరువు పెద్దోళ్లది. నీకు నువ్వు నేర్చుకోవాలనిపించిన్నాడు రా, నేను నేర్పుత" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది. కానీ ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

అమ్మ పట్టాల పక్క మైదానంలో నేర్చుకుంది. కొంగు నడుముకు చెక్కి, పళ్లు బిగించి, పిల్లల లొల్లి మధ్య ఆ మైదానమంతా చుట్టేది. లైసెన్సు వచ్చాక పొద్దున పోయేటప్పుడు అమ్మ నడిపేది, బాపు పక్కన కూర్చునేవాడు. సూర్యుడు పైకి వచ్చాక, తిరుగు దారిలో బాపు నడిపేవాడు. కొన్నేళ్లకు పగలు కూడా మానేయవలసి వచ్చింది. అప్పటికి అమ్మకు ఆ దారిలో తెలియని గుంత లేదు. నేను మాత్రం ఉద్యోగం వచ్చాక, తీరిగ్గా, నాకు ముచ్చటేసినప్పుడు నేర్చుకున్నాను. రిటైరైన పెద్దబాపే నేర్పాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. పిల్లలు తమ వయసుకు మించిన పనేదైనా చేస్తామంటే నేను మెచ్చుకోలేను. ఇంట్లో ఏమైందోనని ముందు భయమేస్తుంది. మొన్న మా కింది వాటాలో ఉండే పిల్ల, ఎనిమిదో తరగతి, "అమ్మమ్మా, స్కూటీ ఎప్పుడు నేర్చుకోవచ్చు?" అని అడిగింది. పొయ్యి మీద కూర ఆపేసి, దాని పక్కన కూర్చుని, ఇంట్లో అందరూ బాగున్నారా అని మెల్లగా అడిగాను. అది వింతగా చూసి, తన స్నేహితురాలు నేర్చుకుంటోందనీ, గులాబీ రంగు బండి కొన్నారనీ చెప్పింది. అంతేనా అన్నాను. అంతే అంది.

అంతేనని తెలిశాక కూడా లేవలేదు. అది ఆ బండి సంగతులన్నీ చెప్పడం ముగించేదాకా, దాని కళ్లలోకి చూస్తూ అక్కడే కూర్చున్నాను.