నా చేతిని పట్టుకున్న దీవెనమ్మ

దీవెనమ్మ గురించి రాయమని మా చర్చి సంఘం వాళ్లు అడిగేరు. ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పాలి.

నేను వరప్రసాదరావుని. చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అయితేనేం, నలభై రెండేళ్లు బెల్లం వండేను. అనకాపల్లి మార్కెట్లో నా దిమ్మని పగలగొట్టి చూడకుండానే మొదటి రకం కింద పెట్టేవారు. చర్చి ప్రహరీ నా హయాంలోనే లేచింది. పద్దెనిమిదేళ్లు సంఘపెద్దగా ఉన్నాను. బల్లారాధన నాడు ప్రభువు రొట్టె పంచే పళ్లెం పట్టుకుని వరసలు తిరిగేది నేనే. ఈ చేతులంటే నాకు అంత గొప్ప.

దీవెనమ్మది రైలుస్టేషను వెనక ఒంటిగది ఇల్లు. పెనిమిటి పోయేడు, పిల్లల్లేరు. ఊరి చివర ఒక మిషను ఆసుపత్రిలో కుష్ఠువాళ్ల పుళ్లు కడిగే ఆయాగా ఇరవయ్యేళ్లు చేసింది. ఆ ఆసుపత్రి మూతబడ్డాక కూడా ఊరుకోలేదు. సంచిలో గుడ్డపీలికలూ నూనెసీసా పెట్టుకుని, బస్సెక్కి ఊరూరా తిరిగి కట్లు కట్టేది. చర్చి ఊడ్చేదీ ఆవిడే. బల్లమీద పరిచే తెల్లగుడ్డ తానే ఉతుకుతానని ఓసారి అడిగితే, "ఆ పుళ్లు ముట్టిన చేతులతోనా?" అని కమిటీలో అడ్డం పడింది నేనే. ఆవిడ గుమ్మంలోనే ఉంది. విన్నది. చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

అది 2004 జనవరి. తొలి బెల్లం చర్చిలో కోతపండుగకి ఇవ్వడం మా ఆనవాయితీ. దాన్ని తీసుకెళ్లడానికి దీవెనమ్మ మా గానుగ దగ్గరకొచ్చింది. పెనంలో పాకం ముదురుతోంది. పాకం చూసేవాడు ముందు చెయ్యి చన్నీళ్లలో ముంచాలి, ఆనక వేళ్లతో కాస్త పాకం తీసి ఉండకట్టి చూడాలి. ఆ రోజు మాటల్లో పడి నీళ్లలో ముంచడం మరిచేను. పాకం తీసేను, ఉండకట్టేను, "దించండ్రా!" అని కేకేసేను.

దీవెనమ్మ నా పక్కకొచ్చి మెల్లిగా అంది. "పెద్దయ్యా, సెయ్యి కాలింది."

"కాలితే నాకు తెలీదేటే?"

"తెలీలేదు గదా, అందుకే సెప్తన్నాను."

చూసుకుంటే చిటికెనవేలూ పక్కవేలూ బొబ్బలెక్కి ఉన్నాయి. నొప్పి లేదు. మంట లేదు. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టుంది.

నన్ను చెరుకుపిప్పి కుప్ప వెనక్కి తీసుకెళ్లి, "కళ్లు మూసుకో, కోడి ఈకతో తాకుతాను. తాకినప్పుడల్లా సెప్పు" అంది. మూసుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ లేదు. "ఎప్పుడు మొదలెడతావే?" అని కసిరేను.

"నాలుగుసార్లు తాకేను, పెద్దయ్యా."

మోచేతి మీద తెల్లటి మచ్చ రెండేళ్లుగా ఉంది. అందుకే ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలు వేసేవాణ్ణి. అదేంటో నాకు తెలియక కాదు. పేరు పెట్టుకోవడానికి భయమేసి.

"ఎవరికైనా చెప్పేవంటే..." అన్నాను.

"నీ మచ్చ నీది. నోరు నాది. నోటికి తాళమేత్తాను గాని, మందు ఏసుకోవాలి."

ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. మనవరాలు సుజి, నాలుగేళ్లది, "తాతా ఎత్తుకో" అని వస్తే వెనక్కి జరిగేను. అది గోడకి చేరి ఏడ్చింది. ఆదివారం జ్వరమని అబద్ధమాడి రొట్టె పళ్లెం ముట్టలేదు. సంఘానికి తెలిస్తే? నేను పంచిన రొట్టె తిన్నవాళ్లంతా ఏమనుకుంటారు? మార్కెట్లో నా బెల్లం ఎవడు కొంటాడు?

అనకాపల్లిలో నన్నెరగని మనిషి లేడు. అందుకని దీవెనమ్మ నన్ను ఎలమంచిలి తీసుకెళ్లింది. బస్సులో నేను తలా మొహం తువ్వాలుతో చుట్టుకుని, ఆవిడకి దూరంగా కూర్చున్నాను.

"తువ్వాలు తియ్యి, పెద్దయ్యా. దొంగనుకుని దింపేత్తారు!" అంది వెనక సీట్లోంచి.

డాక్టరు చూసి, కుష్ఠే, పన్నెండు నెలలు బిళ్లలు వాడాలి, మందు మొదలెట్టిన కొద్దిరోజులకే ఇంకొకరికి అంటదు అన్నాడు. మొదటి బిళ్లలు మింగిన పూట మూత్రం ఎర్రగా వచ్చింది. రక్తమేననుకుని, చస్తున్నానని దీవెనమ్మ ఇంటికి పరిగెత్తేను. ఆవిడ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. "బిళ్ల రంగది! సెప్పడం మరిసిపోయేను, ప్రభువు సాచ్చిగా!"

ఏడాదిపాటు ప్రతి ఉదయం వచ్చేది. నా చెయ్యి నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, కట్టు కట్టేది. కింద కూర్చుని, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకునేది. కమిటీలో నేనన్న మాట ఎత్తుతుందేమోనని రోజూ భయపడేవాణ్ణి. ఒక్కనాడూ ఎత్తలేదు. ఆఖరికి నేనే ఎత్తేను.

"దీవెనా, అప్పుడు నేనన్నది..."

"ఏలు కదపకు, పెద్దయ్యా. నూనె కారిపోతంది" అంది. అంతే.

జబ్బు పోయింది. రెండు వేళ్లు వంకరగా ఉండిపోయాయి. కట్లకీ వంకరకీ పాకం కాలడమే కారణమని అందరికీ చెప్పేను. గుట్టు దక్కిందని దేవుడికి మొక్కేను.

మరుసటేడు వానల్లో దీవెనమ్మ ఒకనాడు నాతో అంది. "కొండకర్లలో త్రినాధరావుకీ నీ జబ్బే, కాలు పుండు పడింది. పశువులపాకలో గడియేసుకుని కూకున్నాడు. మగోడి మాటయితే ఇంటాడు. రా."

త్రినాధరావు పదిహేనేళ్లు నా గానుగకి చెరుకు తోలినవాడు, నన్ను బావా అని పిలిచేవాడు. మార్కెట్లో వాడి నోరు పెద్దది. అయినా వెళ్లేను. ఏడాదిపాటు నా చెయ్యి ఒళ్లో పెట్టుకున్న మనిషికి రానని చెప్పడానికి నోరు రాలేదు.

పాక బయట అతని భార్య గంగాభవాని కన్నీళ్లతో నిలబడింది. "దగ్గరకొత్తే కత్తితో నరుకుతానంతన్నాడు, బాబూ."

"బావా, నువ్వెందుకొచ్చేవు? నవ్వి పోడానికా? మచ్చ లేనోడివి, నీకేటి తెలుసు?" లోపల్నుంచి అరిచేడు త్రినాధరావు.

దీవెనమ్మ వైపు చూసేను. ఆవిడ పొయ్యిమీద నీళ్లు కాస్తోంది. నా వైపు చూడనే లేదు. నాకూ వచ్చిందని ఒక్క మాట ఆవిడంటే చాలు. అనదు. ఆ మాట నాది.

వంకరవేళ్లు తలుపు సందులోంచి లోపలికి పెట్టేను. కత్తి లోపలే ఉంది మరి.

"త్రినాధా, ఇది పాకం ఒక్కటే చేసింది కాదు. నాకూ వచ్చింది. పన్నెండు నెలలు బిళ్లలు మింగేను. తగ్గింది."

గంగాభవాని నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. లోపల్నుంచి త్రినాధరావు గొంతు వచ్చింది. "దీవెనమ్మా, ఈయన నిజమే అంతన్నాడా?"

"ఆయన సంగతి ఆయన్నే అడుగు. నీ కాలు బయట పెట్టు, నీళ్లు సల్లారిపోతన్నాయి."

తలుపు సగం తెరుచుకుంది. వాసన గుప్పుమంది. దీవెనమ్మ నీళ్ల బేసిన్ తెచ్చి, తను పట్టుకోకుండా నా చేతుల్లో పెట్టింది. సాయంత్రానికి మార్కెట్టంతా తెలుస్తుంది. బేసిన్ కింద పెట్టి, అతని కాళ్ల దగ్గర నేలమీద కూర్చుని, పుండుపడ్డ కాలు నా ఒళ్లోకి తీసుకున్నాను.